మణికట్టు మీది ఆస్తి

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యులకు, వచ్చే ఎన్నికల్లో నామినేషన్ వేయాలనుకుంటున్న వారందరికీ,



మీరు చేతికి పెట్టుకునే గడియారాల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. కరువు సాయం, పంటల బీమా, హంద్రీ-నీవా నీళ్ళు, ఇన్ని ఉండగా వాచీల ఊసెందుకని మీకు అనిపించవచ్చు. వాటి మీద ఎందరో రాస్తున్నారు, మీకు వినతిపత్రాలూ అందుతున్నాయి. వాచీల సంగతి మాత్రం మా వైపు ఎవరూ ఎత్తడం లేదు. మాకు పట్టక కాదు. మీ చేతికి ఉన్నది ఏమిటో మాకు తెలియదు గనక.

మా పల్లెల్లో మనిషి ఆస్తిని కంటితో లెక్కగట్టడం అందరికీ వచ్చు. మీరు కారు దిగి రచ్చకట్ట దాకా నడిచేలోపే ఆ లెక్క అయిపోతుంది. కళ్యాణదుర్గం పక్కన ఒక ఊళ్ళో జరిగిన సభలో నా పక్కన కూర్చున్న పెద్దావిడ, వచ్చిన నాయకుడి మెడ వైపు చూసి "ఐదు తులాలు ఉంటాదప్పా" అంది. వెనక కూర్చున్న కుర్రాడు బండి ఏ మోడలో, రోడ్డు మీదికొచ్చేసరికి ఎన్ని లక్షలయిందో చెప్పాడు. ధర్మవరం మగ్గాల దగ్గర పెరిగిన మరొకాయన పట్టుపంచె అంచు చూసి ధర కట్టాడు. చేతి వాచీ గురించి ఎవరూ మాట్లాడలేదు. నేనే ఆవిడను అడిగాను. కళ్ళు చికిలించి చూసి, "తెల్లగుండాది, ఇస్టీలుదేమో. టైము చూసుకునేకి ఏదైతే ఏమి లేప్పా" అంది.

ఆవిడకు తులాల లెక్క అంత కచ్చితంగా తెలియడం వెనక ఈ నేల కథంతా ఉంది. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా మనది పేరుపడింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అదీ పడాల్సినప్పుడు పడదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే కురిసిపోతాయి, ఈశాన్యం మన దాకా వచ్చేసరికి వట్టిపోతుంది. ఉమ్మడి జిల్లాలో ఒకప్పుడు ఇరవై లక్షల ఎకరాలకు దగ్గరగా శనక్కాయ వేసేవాళ్ళం. జూన్, జూలైల్లో విత్తనానికి డబ్బు కావాలంటే ఇంట్లో ఉన్న బంగారమే బ్యాంకుకు పోవాలి. అప్రైజరు గీటురాయి మీద గీసి, తూకం వేసి, గ్రాముకు ఎంత ఇస్తారో చెప్పేటప్పుడు కౌంటరు ఇవతల నిలబడి వినేది ఆడవాళ్ళే. పంట ఎండితే ఆ నగ విడిపించలేరు. వడ్డీ కట్టి తిరగరాయించుకుంటారు, లేదా వేలం నోటీసు వస్తుంది. ఇన్ని కరువులు చూసిన చేతులకు గొలుసు బరువు తాకకుండానే తెలుస్తుంది. మెడలో ఐదు తులాలున్న నాయకుడిని చూసి ఆవిడ ఒక నిర్ణయానికి వస్తుంది. అది ఆయనకు అనుకూలమో ప్రతికూలమో ఆవిడ ఇష్టం, కానీ ఆ నిర్ణయం ఆవిడకు అర్థమైన లెక్క మీద నిలబడింది. ఆవిడ కళ్ళ ముందే అదే నాయకుడి చేతికున్న వాచీ ఆ గొలుసుకు పదింతలు విలువ చేసినా లెక్కలోకే రాదు.

మాకు వాచీలు తెలియవని కాదు. హెచ్ఎంటీ మాకు ఇంటి మనిషంత దగ్గర. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీతో కలిసి బెంగళూరులో మొదలైన ఆ వాచీల తయారీ తర్వాత తుమకూరుకూ వచ్చింది, అంటే మన మడకశిర సరిహద్దు దాటితే వచ్చే జిల్లాకే. జనతా, పైలట్, కోహినూర్, సోనా పేర్లు మా తరం వాళ్ళకు నోటికి వచ్చు. పెళ్ళిలో అల్లుడికి సైకిలూ రేడియోతో పాటు హెచ్ఎంటీ పెట్టాలని పట్టుబట్టిన వియ్యంకులు ఎందరో. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆ వాచీల కంపెనీ మూతకు ఆమోదం తెలిపింది. తుమకూరు ఫ్యాక్టరీ భూమి ఇస్రోకు పోయింది. తర్వాత టైటాన్. తమిళనాడులో ఉన్నా తెలుగు ఇంటింటా వినిపించే హోసూరులో తయారైన ఆ వాచీని కూడా మా వాళ్ళు పది అడుగుల దూరం నుంచి గుర్తుపడతారు. ఈ రెండింటి ధరా మాకు తెలుసు, ఎవరు ఎందుకు కొంటారో తెలుసు, పాడైతే ఎవరి దగ్గరికి తీసుకుపోవాలో తెలుసు.

అనంతపురం పాతూరులో వాచీలు బాగుచేసే ఒకాయన ఉన్నారు. కొట్టు తలుపు వెడల్పు కూడా ఉండదు. గాజు బల్ల మీద తెల్ల కాగితం పరిచి, కంటికి భూతద్దం బిగించుకుని, వెనక మూత తీసి, ఆవగింజలో సగం ఉండే స్క్రూలను పట్టకారుతో ఒకదాని పక్కన ఒకటి వరుసగా పెడతారు. ఆ వరుస చెదిరితే మళ్ళీ మొదటికొస్తుందని ఊపిరి కూడా పక్కకు వదులుతారు. హెచ్ఎంటీ అయితే చావి తిప్పిన చప్పుడుకే ఏ మోడలో చెప్పగలరు. ఆయనకు నా ఫోన్లో పటెక్ ఫిలిప్ నాటిలస్ బొమ్మ చూపించాను. దగ్గరగా, దూరంగా పెట్టుకుని చూసి, "డయలు బాగుంది సార్, ఫినిషింగు బాగుంది. లోపల మిషను చూస్తే గానీ ఏం చెప్పలేను. ఇట్లాంటివి మా దగ్గరికి రావు" అన్నారు. ఉక్కుతో చేసిన ఆ 5711 మోడల్‌ను కంపెనీ 2021లో ఆపేసింది. ఇప్పుడు చేతులు మారేటప్పుడు అర కోటికి పైనే పలుకుతోంది. జీవితమంతా వాచీల మధ్య బతికిన మనిషికే ఆ విలువ బయటి నుంచి కనబడలేదంటే, శనక్కాయ కోతకొచ్చే కూలికి కనబడుతుందని ఎలా అనుకుంటాం?

రోలెక్స్ పేరైతే అందరికీ తెలుసు. 2022లో తెలుగులో విక్రమ్ హిట్‌లిస్ట్ పేరుతో వచ్చిన సినిమా చివర్లో సూర్య వేసిన విలన్ పాత్ర పేరు రోలెక్స్. ఆ సినిమా ఆడాక కమల్ హాసన్ తన రోలెక్స్ వాచీనే సూర్యకు కానుకగా ఇచ్చారు. ఆ ఏడాది నుంచి మా పిల్లలకు ఆ పేరు నోట్లో నానింది. పైగా తేరులోనూ సంతలోనూ కిరీటం గుర్తున్న డూప్లికేటు వాచీలు వందల్లోనే దొరుకుతాయి. దానివల్ల ఒక విచిత్రం జరిగింది. పల్లెలో ఎవరి చేతికైనా రోలెక్స్ కనిపిస్తే, అది డూప్లికేటే అని అందరూ అనుకుంటారు. పది లక్షలకు అటూ ఇటూ ధర ఉన్న అసలు సబ్‌మెరైనర్ మీ చేతికి ఉన్నా, సంతలో కొన్నదానికీ దానికీ తేడా మాకు తెలియదు. పేరు తెలియనప్పుడు ఎలాగూ కనిపెట్టలేం, తెలిసినప్పుడు నకలు అనుకుంటాం.

బాగా ఖరీదైన వాచీలు బంగారంతో చేసినవి అయి ఉంటే మాకు ఈ ఇబ్బంది ఇంత ఉండేది కాదు. 1972లో స్విట్జర్లాండ్ కంపెనీ ఆడెమార్స్ పిగే, జెరాల్డ్ జెంటా గీసిన రాయల్ ఓక్‌ను ఉక్కుతో చేసి బంగారు వాచీల ధరకు అమ్మింది. డయలు చుట్టూ ఎనిమిది మూలల చట్రం, దాని మీద బయటికి కనిపించే ఎనిమిది మరలు. తెలిసినవాళ్ళకు ఆ మరలు గది అవతల నుంచి కనబడితే చాలు. తెలియనివాళ్ళకు అది ఇస్టీలు వాచీ. అక్కడి నుంచి ఉక్కే గొప్పదనం అయింది, తర్వాత టైటానియం, కార్బన్ వచ్చాయి. టెన్నిస్ ఆటగాడు రాఫెల్ నాదల్ కోసం రిచర్డ్ మిల్ 2010లో చేసిన వాచీ పట్టీతో కలిపి 20 గ్రాముల లోపే, మన లెక్కన రెండు తులాలు కూడా తూగదు. దాని ధర అప్పట్లోనే ఐదు లక్షల డాలర్ల పైమాట. తూకంతో విలువ కట్టే కంటికి అందకుండా పోయేది సరిగ్గా ఇక్కడే. ఆ పనితనాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఒక మనిషి నెలల తరబడి కూర్చుని చేతితో చక్రాల అంచులు నునుపు చేస్తే దానికి ధర ఉండాల్సిందే. మీ సొంత డబ్బుతో కొనుక్కుని పెట్టుకోవద్దని చెప్పే హక్కు కూడా నాకు లేదు.

నేనడిగేది వేరు. మీ దగ్గర అది ఉందని మాకు చెప్పండి.

ఇప్పటి దాకా ఈ సంగతులు బయటపడిన తీరు చూడండి. 2016లో పక్కనున్న కర్ణాటకలో అప్పటి ముఖ్యమంత్రి సిద్దరామయ్య చేతికున్న వజ్రాల హుబ్లో వాచీ మీద గొడవ రేగింది. దాని విలువ 70 లక్షలని గొంతెత్తింది ఓటర్లు కాదు, రాజకీయ ప్రత్యర్థి కుమారస్వామి. అది స్నేహితుడిచ్చిన కానుకని సిద్దరామయ్య చెప్పి, చివరికి దాన్ని శాసనసభ స్పీకరుకు అప్పగించి ప్రభుత్వపరం చేశారు. తప్పొప్పులు నేను తేల్చబోవడం లేదు. తమిళనాడులో 2022 డిసెంబరులో అప్పటి బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు అన్నామలై పెట్టుకున్న బెల్ అండ్ రాస్ రఫేల్ వాచీ మీద కూడా అడిగింది అధికార పక్షం వాళ్ళే. మొత్తం 500 మాత్రమే చేసిన వాచీ అది. తర్వాతి ఏప్రిల్లో ఆయన బిల్లు బయటపెట్టారు. రెండు చోట్లా మామూలు జనానికి సంగతి చేరింది ఒక పార్టీ ఇంకో పార్టీని కొట్టే దెబ్బగా. నిజంగా మాకు చేరాల్సిన సమాచారం అట్లా చేరితే, సగం మంది నమ్మరు, సగం మంది పార్టీని బట్టి నమ్ముతారు.

చైనాలో జరిగింది ఇంకా లోతుగా ఆలోచించాల్సిన విషయం. 2012 ఆగస్టులో షాన్‌షీ రాష్ట్రంలో బస్సు ప్రమాదంలో 36 మంది కాలిపోయారు. ఆ స్థలంలో నిలబడి నవ్వుతున్న ఒక భద్రతాధికారి ఫోటో బయటికొచ్చింది. పేరు యాంగ్ దాసాయ్. చచ్చిపోయిన మనుషుల ముందు ఆ నవ్వేమిటని మండిపడిన జనం ఆయన పాత ఫోటోలన్నీ తవ్వి, ఒక్కో ఫోటోలో ఒక్కో ఖరీదైన వాచీ ఉన్నట్టు పట్టుకున్నారు. ఆ అధికారి పక్కన రోజూ పనిచేసినవాళ్ళకు, ఆయన పర్యటించిన ఊళ్ళవాళ్ళకు ఆ వాచీలు ఎన్నో ఏళ్ళుగా కళ్ళ ముందే ఉన్నాయి. వాచీలు తెలిసిన కొద్దిమంది ఫోటోల్లో మణికట్టును పెద్దది చేసి చూసేదాకా ఎవరికీ ఏమీ తెలియలేదు. 2013 సెప్టెంబరులో లంచాలకూ, లెక్క చెప్పలేని ఆస్తికీ ఆయనకు 14 ఏళ్ళ జైలు పడింది. పెరూలో 2024లో అధ్యక్షురాలు డినా బొలువార్తె రోలెక్స్‌లు బయటపడింది కూడా ఇలాగే, జర్నలిస్టులు ఆమె అధికారిక ఫోటోలు ఒక్కొక్కటే పరిశీలిస్తే. పోలీసులు రాత్రిపూట ఆమె ఇంటి తలుపు పగలగొట్టి సోదా చేశారు.

మన దగ్గర ఆ కళ్ళు లేవనుకోకండి. బెంగళూరుకు వలసపోయిన మన పిల్లల్లో కొందరు ఖరీదైన మాల్స్‌లో గార్డులుగా, కార్లు పార్కింగ్ చేసేవాళ్ళుగా పనిచేస్తున్నారు. రోజుకు పన్నెండు గంటలు ఆ షోరూముల ఎదుట నిలబడి, లోపలికి పోయేవాళ్ళ చేతులు చూసి చూసి వాళ్ళకు వాచీలు పట్టుబడ్డాయి. ఉగాదికి ఊరికొచ్చిన అలాంటి పిల్లవాడొకడు, ఫోన్లో ఏదో ప్రారంభోత్సవం ఫోటో చూస్తూ, రిబ్బను కత్తిరిస్తున్న చేతిని వేళ్ళతో పెద్దది చేసి "ఇది మా మాల్‌లో ఉంది మామా, మా నాయన పదేండ్ల సేద్యం" అన్నాడు. ఎవరి ఫోటోనో, ఏ వాచీనో చెప్పను. అది అసలుదో నకలుదో ఆ పిల్లవాడూ, నేనూ తేల్చలేం. అలా తేల్చలేని అనుమానం ఊళ్ళో తిరగడం మీకూ మంచిది కాదు, మాకూ మంచిది కాదు.

చట్టం ఏమంటోందో మీకు నాకంటే బాగా తెలుసు. అయినా నేను పంతులుగా పనిచేసినవాణ్ణి, ఏటా నా ఆస్తుల వివరాలు పై అధికారికి రాసిచ్చినవాణ్ణి, చెప్పనివ్వండి. ఎన్నికల్లో నిలబడేవాళ్ళు ఆస్తులు ప్రకటించాలని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు నామినేషనుతో ఇచ్చే ఫారం 26లో నగలు, కడ్డీలు, విలువైన వస్తువులకు ఒకే గడి ఉంది, వాటి బరువు, విలువ రాయమంటుంది. బంగారాన్ని మనసులో పెట్టుకుని తయారుచేసిన గడి అది. అందులో అరవై లక్షల ఉక్కు వాచీని బరువు చూపించి రాస్తే చదివేవాడికి ఏం తెలుస్తుంది?

2024 ఏప్రిల్ 9న అరుణాచల్ ప్రదేశ్‌లోని తేజు నియోజకవర్గం కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును దయచేసి ఒకసారి చదవండి. హైదరాబాద్ హైకోర్టులో ఎన్నో ఏళ్ళు న్యాయమూర్తిగా ఉన్న జస్టిస్ సంజయ్ కుమార్ ఆ ధర్మాసనంలో ఉన్నారు. అభ్యర్థి తన ఇంట్లోని ప్రతి చిన్న వస్తువునూ ప్రకటించాల్సిన అవసరం లేదని, అతనికీ కొంత గోప్యత ఉంటుందని కోర్టు ఒప్పుకుంది. ఎక్కడ గీత గీయాలో చెప్పడానికి కోర్టు ఎంచుకున్న ఉదాహరణ మాత్రం వాచీలే. అభ్యర్థికీ, కుటుంబంలో ఒక్కొక్కరికీ ఒక మామూలు వాచీ ఉంటే, రాయకపోయినా అది లోపమే కాకపోవచ్చు. ఖరీదైన వాచీలు చాలా ఉండి, వాటి మొత్తం విలువ భారీగా ఉంటే మాత్రం రాసి తీరాలి, అవి ఆ మనిషి విలాస జీవితాన్ని చూపిస్తాయి గనక, దాచడమంటే ఓటరుకు అందాల్సిన సమాచారాన్ని తొక్కిపెట్టడమే గనక. ఆ తీర్పు వచ్చిన తొమ్మిది రోజులకు, ఏప్రిల్ 18న, మన రాష్ట్రంలో నామినేషన్లు మొదలయ్యాయి. అంత హడావుడిలో ఆ మాట ఎందరి చెవిన పడిందో. 2029కి ఆ సాకు ఉండదు. పైగా 2025 ఏప్రిల్ 22 నుంచి పది లక్షలు దాటిన వాచీ అమ్మితే దుకాణదారు ఒక శాతం పన్ను అక్కడికక్కడే వసూలు చేయాలని కేంద్రం చెప్పింది. అంటే ఆదాయపు పన్ను శాఖకు మీ వాచీ కనబడుతోంది. ఓటరుకే కనబడడం లేదు.

మీరు చెప్పబోయే అభ్యంతరాలు కొన్ని నేను ఊహించగలను. దొంగల భయం అంటారా, మీ అఫిడవిట్లలో తులాల లెక్క ఇప్పటికే ఉంది, పొలాల సర్వే నంబర్లు ఉన్నాయి, కార్ల నంబర్లు ఉన్నాయి. కానుకగా వచ్చిందంటారా, అదే అన్నిటికంటే ముందు చెప్పాల్సిన సంగతి. ఈ జిల్లాల్లో కాంట్రాక్టులున్నాయి, సోలార్ ప్లాంట్ల భూములున్నాయి, గనులున్నాయి. ఇరవై తులాల గొలుసు ఎవరైనా మీకు కానుకగా ఇస్తే మరుసటి రోజే ఊరంతా చెప్పుకుంటుంది, అందుకే అట్లాంటి కానుక మీరు కూడా సందేహించే తీసుకుంటారు. ఉక్కు వాచీ ఇస్తే మా కళ్ళ ముందే తీసుకుని చేతికి పెట్టుకున్నా మాకు తెలియదు. మా తెలియనితనం మీకెవరికీ అవకాశంగా మారకూడదన్నదే నా బాధ. ఇక మీ చేతికున్నది డూప్లికేటే అయితే అదీ చెప్పండి, ఎవరూ చిన్నచూపు చూడరు. ఇక్కడ అందరి చేతికీ అదే ఉంది.

కాబట్టి నా విన్నపం ఇది. 2029 నామినేషన్ల దాకా ఆగకుండా, ఎవరూ అడగకముందే, మీకూ మీ ఇంట్లోవాళ్ళకూ ఉన్న వాచీల్లో లక్ష రూపాయలు దాటిన ప్రతిదాని పేరూ, మోడలూ, కొన్న సంవత్సరమూ, ధరా ఒక కాగితం మీద తెలుగులో రాయండి. కానుక అయితే ఇచ్చినవారి పేరు రాయండి. పక్కనే ఆ ధర ఎన్ని తులాల బంగారానికి సమానమో వేయండి, ఆ లెక్క మా ఊళ్ళో అందరికీ అర్థమవుతుంది. రెండు జిల్లాల పద్నాలుగు నియోజకవర్గాల్లోనూ మీ ఆఫీసు గోడకు ఆ కాగితం అంటించండి. ఏమీ లేకపోతే లేవని రాసి సంతకం పెట్టండి. ముందుగా ఎవరు అంటిస్తారో ఆ ఊరికి నేను స్వయంగా వచ్చి, రచ్చకట్ట మీద ఆ కాగితాన్ని బిగ్గరగా చదివి వినిపిస్తాను.

ఇట్లు,
కళ్యాణదుర్గం నియోజకవర్గ ఓటరు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు